సంతకం ఉంది, పూచీ ఎవరిది?

మహిళల హక్కుల కోసం ప్రపంచ దేశాలు చేసుకున్న అతిపెద్ద ఒప్పందంలో అఫ్గానిస్తాన్ ఉంది. 2003లో ఆ దేశం దాన్ని ఆమోదించింది, అదీ ఒక్క షరతు కూడా పెట్టకుండా. అమెరికా 1980లోనే సంతకం చేసింది గానీ సెనేట్ ఆమోదం ఈరోజుకీ పడలేదు. కాగితాల లెక్క ప్రకారం ఆరో తరగతి దాటిన ఆడపిల్లను బడి గేటు దగ్గర ఆపేస్తున్న దేశం లోపల ఉంది. అమెరికా మాత్రం ఇరాన్, సోమాలియా, సూడాన్‌ల సరసన బయట నిలబడి ఉంది.

ఇది విన్నవాళ్లలో చాలామంది "ఇవన్నీ ఉత్త కాగితాలే కదా" అని తేల్చేస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కానీ ఆ కాగితాలు పట్టుకుని కోర్టుకెక్కి గెలిచిన ఆడవాళ్ల కేసులు చదివాక అంత తేలిగ్గా కొట్టిపారేయలేకపోతున్నాను. సంతకం దానంతట అది ఏమీ చేయదు, నిజమే. ఎవరో ఒకరు దాన్ని బయటికి తీసి, పెట్టినవాళ్ల ముందు పరిస్తే తప్ప. అది ఎక్కడ పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది అనేదే అసలు కథ.

ఆ ఒప్పందం పూర్తి పేరు మహిళల పట్ల అన్ని రకాల వివక్షల నిర్మూలన ఒడంబడిక. వాడుకలో సీడా అంటారు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాన్ని 1979 డిసెంబరు 18న ఆమోదించింది. 1981 సెప్టెంబరు 3న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 189 దేశాలు అందులో ఉన్నాయి. ఓటు, చదువు, ఉద్యోగం, వైద్యం, బ్యాంకు అప్పు, పౌరసత్వం, పెళ్లి, విడాకులు, అన్నీ అందులోకి వస్తాయి. చట్టాలు మార్చడంతో సరిపెట్టకుండా ఆడామగా మధ్య హెచ్చుతగ్గులను నిలబెట్టే ఆచారాలను, ఆలోచనలను కూడా మార్చే ప్రయత్నం చేయాలని ప్రభుత్వాల మీద బాధ్యత పెట్టింది. అప్పటికి అది మామూలు మాట కాదు.

దీనికి కాపలా 23 మంది నిపుణుల కమిటీ. జెనీవాలో సమావేశమవుతుంది. ప్రతి దేశం కనీసం నాలుగేళ్లకోసారి రిపోర్టు ఇచ్చుకోవాలి. తన గురించి తాను రాసుకునే రిపోర్టు ఎంత చల్లగా ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే ఆ దేశంలోని మహిళా సంఘాలు తమ లెక్కలతో ఇంకో రిపోర్టు పంపుతాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని సభ్యులు మంత్రులను, అధికారులను కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. చివర్లో ఏం మార్చాలో రాసిస్తారు. అంతే. పోలీసులు లేరు, జైలు లేదు, జరిమానా లేదు. కమిటీ చేతిలో ఉన్న ఆయుధమల్లా నలుగురిలో నిలదీయడం, దాన్ని రికార్డులో పెట్టడం.

ఇక్కడే మొదటి ముడి. ఒప్పందంలో చేరుతూనే "ఫలానా అధికరణం మాకు వర్తించదు" అని రాసిచ్చే వీలు దేశాలకు ఉంది. ఇంగ్లిషులో దీన్ని రిజర్వేషన్ అంటారు. మనకు తెలిసిన కోటా రిజర్వేషన్‌కీ దీనికీ సంబంధం లేదు కాబట్టి మినహాయింపు అనుకుందాం. ఒప్పందానికి గుండెలాంటివి రెండు అధికరణాలు. వివక్ష చూపే చట్టాలను తీసేయాలని చెప్పేది రెండోది. పెళ్లి, కుటుంబంలో సమాన హక్కుల గురించి చెప్పేది పదహారోది. చాలా దేశాల మినహాయింపులు పడింది సరిగ్గా ఈ రెండింటి మీదే. అంటే ఇల్లు అమ్ముతాను గానీ లోపలి గదులు మాత్రం ఇవ్వను అన్నట్టు.

మతచట్టాన్ని కారణంగా చూపి మినహాయింపులు పెట్టిన దేశాలు చాలా ఉన్నాయి. ఇండియా 1993లో చేరినప్పుడు, ఏ మతవర్గమైనా తనంతట తాను ముందుకొస్తే తప్ప వాళ్ల వ్యక్తిగత వ్యవహారాల్లో జోక్యం చేసుకోబోమని ప్రకటన జతచేసింది. ఇంత పెద్ద దేశంలో ప్రతి పెళ్లినీ తప్పనిసరిగా రిజిస్టర్ చేయించడం ఆచరణలో కుదరదని ఇంకో మాట రాసింది. ఒప్పందం మూల ఉద్దేశానికే విరుద్ధమైన మినహాయింపు చెల్లదని ఇరవై ఎనిమిదో అధికరణం స్పష్టంగా చెబుతోంది. కానీ చెల్లదని తీర్పు చెప్పేదెవరు? అభ్యంతరం ఉన్న దేశాలు ఓ లేఖ రాస్తాయి. స్వీడన్, నార్వే లాంటివి అలాంటి లేఖలు చాలానే రాశాయి. లేఖ ఫైల్లో ఉంటుంది, మినహాయింపూ ఉంటుంది.

అయినా మినహాయింపులు శాశ్వతం కావు. ట్యునీసియాలో 2011 విప్లవం తర్వాత తాత్కాలిక ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకోవాలని నిర్ణయించింది. 2014లో ఐక్యరాజ్యసమితికి అధికారికంగా తెలియజేశారు. బయటివాళ్ల ఒత్తిడికంటే దేశంలోపలి మహిళా సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన ఫలితం అది.

ఈ చర్చ ఎక్కడ జరిగినా ఒక మాట తప్పకుండా వస్తుంది: ఇదంతా పాశ్చాత్య దేశాలు మన మీద రుద్దుతున్న సరుకు అని. ఈ వాదన చేసేవాళ్లు చరిత్ర కాస్త తిరగేయాలి. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణం ముసాయిదాలో ఇంగ్లిషులో మనుషులందరూ అనే అర్థంలో పురుషవాచకమే ఉండేది. ఆ మాటను పట్టుబట్టి మార్పించింది హంసా మెహతా అనే భారతీయురాలు. ఆ ముసాయిదా కమిషన్‌కు అధ్యక్షురాలు ఎలినార్ రూజ్‌వెల్ట్. పురుషవాచకంలో ఆడవాళ్లు కూడా కలిసే ఉంటారని ఆవిడ అభిప్రాయం. అలా రాస్తే, దాన్ని అడ్డం పెట్టుకుని ఆడవాళ్లను పక్కనపెట్టే దేశాలు ఉంటాయని హంసా మెహతా భయం. అంతకు మూడేళ్ల ముందు ఐక్యరాజ్యసమితి చార్టర్‌లో స్త్రీపురుష సమానత్వం అన్న మాట చేరేలా పోరాడినవాళ్లలో బ్రెజిల్‌కు చెందిన బెర్తా లుట్జ్, డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన మినర్వా బెర్నార్డినో ముందున్నారు.

ఇక పాశ్చాత్య దేశాల సంగతి. పెళ్లయిన ఆడది భర్త అనుమతి లేకుండా ఉద్యోగంలో చేరడానికి, సొంతంగా బ్యాంకు ఖాతా తెరవడానికి ఫ్రాన్సులో చట్టం ఒప్పుకున్నది 1965లో. స్విట్జర్లాండ్‌లో జాతీయ ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటు వచ్చింది 1971లో. అక్కడి ఒక చిన్న రాష్ట్రం, అపెంజెల్ ఇన్నర్‌రోడెన్, స్థానిక ఎన్నికల్లో ఓటు ఇవ్వనని 1990 దాకా మొండికేసింది. చివరికి సుప్రీంకోర్టు మెడలు వంచాల్సి వచ్చింది. అమెరికాలో 2018 వరకు, పద్దెనిమిది లోపు పెళ్లిని ఏ మినహాయింపూ లేకుండా నిషేధించిన రాష్ట్రం ఒక్కటి కూడా లేదు. మొదటిది డెలావేర్. ఎవరి ఇంట్లోనూ ఈ హక్కులు ముందే వండి పెట్టి లేవు. అడిగి, కొట్లాడి తెచ్చుకున్నవే అన్నీ.

రెండో ముడి గడప దగ్గర ఉంది. ఒప్పందాలు ప్రభుత్వాలకు రాసినవి. ఆడదాని మీద చెయ్యెత్తేది మాత్రం ఎక్కువసార్లు ప్రభుత్వం కాదు, మొగుడో బంధువో. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు ఆడవాళ్లలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసో లైంగిక హింసో ఎదుర్కొన్నారు. అందులో ఎక్కువ భాగం భర్తో సహచరుడో చేసిందే. అలాంటప్పుడు తప్పు ఆ మనిషిది అవుతుంది గానీ రాజ్యానిది ఎలా అవుతుంది?

విచిత్రం ఏమిటంటే, 1979 నాటి ఒప్పందంలో మహిళలపై హింస గురించి విడిగా ఒక్క అధికరణం కూడా లేదు. ఇంట్లో జరిగేది ఇంటి విషయమనే అప్పటి భావన ఆ ఖాళీలో కనిపిస్తుంది. 1992లో కమిటీ తన 19వ సాధారణ సిఫారసులో దాన్ని పూడ్చింది: హింస కూడా వివక్షే, దాన్ని ఆపడానికి, విచారించడానికి, శిక్షించడానికి తగినంత శ్రద్ధ చూపని ప్రభుత్వానికి బాధ్యత ఉంటుంది అని. కొట్టింది నువ్వు కాకపోవచ్చు, కొడుతున్నాడని తెలిసీ ఊరుకున్నావు కాబట్టి నీకూ పూచీ ఉంది. సూత్రం ఇంతే. వినడానికి తేలిక. ఒక కేసులో ఇది ఎలా నడిచిందో చూద్దాం.

స్పెయిన్‌లో ఒక తల్లి. కొట్టే భర్తను వదిలి కూతురితో బయటికొచ్చింది. తరవాత కూడా అతను వెంటాడుతూ, బెదిరిస్తూ ఉంటే పోలీసులకు, కోర్టులకు ముప్పైకి పైగా ఫిర్యాదులు చేసింది. పాపను అతను చూడటానికి వచ్చినప్పుడు ఎవరో ఒక అధికారి పక్కన ఉండాలని మొదట్లో ఏర్పాటు ఉండేది. తండ్రీకూతుళ్ల బంధం మామూలు కావాలంటూ కోర్టు ఆ కాపలా తీసేసింది. 2003 ఏప్రిల్‌లో, అలా ఎవరూ పక్కన లేని ఒక సాయంత్రం, ఏడేళ్ల ఆ పాపను తండ్రి చంపేసి తనూ చనిపోయాడు.

ఆ తల్లి అడిగింది ఒకటే: మీ నిర్ణయంలో తప్పు ఉందని ఒప్పుకోండి. స్పెయిన్ కోర్టులన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాదన్నాయి. నిబంధనల ప్రకారమే అంతా జరిగిందన్నాయి. సీడాకు 1999లో ఒక అనుబంధ ఒప్పందం వచ్చింది. అందులో చేరిన దేశాల పౌరురాలు సొంత దేశంలోని కోర్టులన్నీ అయిపోయాక నేరుగా కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. వందకు పైగా దేశాలు దాన్ని ఒప్పుకున్నాయి. ఇండియా, అమెరికా ఒప్పుకోలేదు. స్పెయిన్ ఒప్పుకుంది కాబట్టి ఆమె వెళ్లగలిగింది. తప్పు ప్రభుత్వానిదే, పరిహారం ఇవ్వండి అని 2014లో కమిటీ తేల్చింది. కమిటీ అభిప్రాయం మమ్మల్ని కట్టిపడేయదని స్పెయిన్ ప్రభుత్వం పట్టించుకోలేదు. ఆమె మళ్లీ తన దేశపు కోర్టు మెట్లే ఎక్కింది. 2018 జులైలో స్పెయిన్ సుప్రీంకోర్టు, మీరు స్వచ్ఛందంగా చేరిన ఒప్పందపు కమిటీ చెప్పిన మాట మీరు పాటించాల్సిందే అని తీర్పిచ్చి 6 లక్షల యూరోలు ఇమ్మంది.

పాప పోయిన 15 ఏళ్లకు. పాప తిరిగి రాలేదు. కానీ జెనీవాలో కూర్చున్న, పోలీసులు లేని ఆ కమిటీ అభిప్రాయానికి ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం చట్టబలం ఇవ్వడం అప్పటిదాకా ఎరగని సంగతి. ఈ కేసు చదువుతుంటే నాకు ఆ తీర్పుకంటే ఆ ముప్పై ఫిర్యాదులే గుర్తుండిపోయాయి. ప్రతి ఫిర్యాదు మీదా ఎవరో ఒక గుమాస్తా ముద్ర వేసి నంబరు ఇచ్చే ఉంటాడు.

చట్టం ఉన్నచోట కాగితం సాక్ష్యం అవుతుంది. చట్టమే లేని చోట కొన్నిసార్లు చట్టమే అవుతుంది. 1997 నాటి విశాఖ కేసు అలాంటిది. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన ఒక గ్రామస్థాయి కార్యకర్త మీద సామూహిక అత్యాచారం జరిగింది. పనిచేసేచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల గురించి అప్పటికి దేశంలో ప్రత్యేక చట్టమే లేదు. చట్టం లేకపోతే దేన్నిబట్టి తీర్పివ్వాలి? సుప్రీంకోర్టు సీడాను ముందుపెట్టుకుంది. ప్రభుత్వం సంతకం చేసిన ఒప్పందం, రాజ్యాంగంలోని సమానత్వ హక్కుకు విరుద్ధం కానంతవరకు, ఆ హక్కు అర్థాన్ని చెప్పడానికి వాడుకోవచ్చంది. మార్గదర్శకాలు ఇచ్చి, పార్లమెంటు చట్టం చేసేదాకా ఇదే చట్టమని చెప్పింది. పార్లమెంటు 2013లో గానీ చట్టం చేయలేదు. పదహారేళ్లపాటు ఆఫీసుల్లో ఆడవాళ్లకు ఆసరా ఆ తీర్పే.

బోట్స్వానా కథ ఇంకా చిన్నది, నాకు మరీ ఇష్టమైనది. యూనిటీ డౌ అనే న్యాయవాది ఒక అమెరికన్‌ను పెళ్లి చేసుకుంది. ఆమెకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి పెళ్లికి ముందు పుట్టింది కాబట్టి తల్లిని బట్టి బోట్స్వానా పౌరురాలు. తరవాతి ఇద్దరూ పెళ్లయ్యాక పుట్టారు కాబట్టి తండ్రిని బట్టి విదేశీయులు. 1984 చట్టం అలా ఉంది మరి. ఒకే ఇల్లు, ఒకే అమ్మ, పుట్టింది అదే దేశంలో, ఒకరు సొంతవాళ్లు, ఇద్దరు పరాయివాళ్లు. ఇదే బోట్స్వానా మగవాడు విదేశీయురాలిని చేసుకుంటే పిల్లలందరూ పౌరులే. మా సమాజం తండ్రి వైపు నుంచి లెక్కపెట్టేదని ప్రభుత్వం వాదించింది. 1991లో హైకోర్టులో, 1992లో అప్పీలు కోర్టులో ఆమె గెలిచింది. 1995లో చట్టం మారింది. తరవాత ఆమే ఆ దేశపు హైకోర్టుకు మొదటి మహిళా జడ్జి అయింది.

ఇలాంటి చట్టాలు ఇంకా 24 దేశాల్లో ఉన్నాయని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చెబుతోంది. తండ్రితో సమానంగా తల్లి తన పౌరసత్వాన్ని పిల్లలకు ఇవ్వలేదు. తండ్రి ఎవరో తెలియకపోతే, వదిలేసి పోతే, లేదా అతనికే ఏ దేశమూ లేకపోతే, ఆ బిడ్డ ఏ దేశానికీ చెందకుండా పోతుంది. బడిలో చేర్చాలన్నా, టీకా వేయించాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా ప్రతి కౌంటర్ దగ్గరా అదే ప్రశ్న. కొట్టడాలూ చంపడాలూ వార్తల్లోకి వస్తాయి. పౌరసత్వ చట్టంలోని ఒక వాక్యం వార్తల్లోకి రాదు. నా దృష్టిలో, ఆడవాళ్ల హక్కుల్లో సగం ఇలాంటి విసుగు పుట్టించే కాగితాల్లోనే ఉన్నాయి: జనన ధ్రువీకరణ పత్రం, గుర్తింపు కార్డు, ఆస్తిపత్రం మీద పేరు, ఆపరేషన్ ఫారం మీద ఎవరి సంతకం చెల్లుతుందన్న నిబంధన.

బాల్యవివాహాల సంగతి చూడండి. ఇప్పుడు బతికున్న ఆడవాళ్లలో 64 కోట్ల మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని యునిసెఫ్ లెక్క. ఏటా ఇంకో కోటీ 20 లక్షల మంది చేరుతున్నారు. వయసు పద్దెనిమిది ఉండాలనే చట్టం చాలా దేశాల్లో ఉంది. కానీ దాని కిందే ఇంకో వాక్యం ఉంటుంది: తల్లిదండ్రులు ఒప్పుకుంటే, కోర్టు అనుమతిస్తే, ప్రత్యేక పరిస్థితులైతే. పిల్లకు పెళ్లి చేయాలనుకుంటున్నదే తల్లిదండ్రులైనప్పుడు, వాళ్ల ఒప్పుదల రక్షణ ఎలా అవుతుందో ఆ వాక్యం రాసినవాళ్లకే తెలియాలి. బంగ్లాదేశ్ 2017లో చేసిన చట్టంలో ప్రత్యేక పరిస్థితుల్లో ఇవ్వగల మినహాయింపుకు కనీస వయసే పెట్టలేదు.

టాంజానియాలో 1971 నాటి వివాహ చట్టం తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఆడపిల్లకు పదిహేనేళ్లకే పెళ్లి చేయనిస్తుంది. మగపిల్లాడికి మాత్రం పద్దెనిమిది. రెబెకా గ్యుమి అనే ఉద్యమకారిణి దీన్ని కోర్టుకు లాగింది. 2016లో హైకోర్టు ఆ సెక్షన్లు రాజ్యాంగవిరుద్ధమంది, ఏడాదిలో మార్చమంది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. 2019లో అక్కడా ఓడింది. గడువు దాటింది, చట్టం మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. గెలిచిన తీర్పును కూడా బీరువాలో పెట్టి తాళం వేయొచ్చన్నమాట.

ఇంకో చిక్కుంది. పద్దెనిమిది నిండాయో లేదో చెప్పేదేమిటి? పుట్టిన తేదీ ఎక్కడో నమోదై ఉండాలి. ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లలు 15 కోట్ల మందికి అసలు జనన నమోదే లేదు. వయసు కాగితం లేని పిల్లకు వయసు చట్టం ఎలా అండగా నిలుస్తుంది? ఆడపిల్లల రక్షణ అనగానే అందరూ కఠిన శిక్షల గురించే మాట్లాడతారు. ఒక గుమాస్తా, ఒక రిజిస్టరు, పుట్టిన వారంలో ఒక ఎంట్రీ ఎక్కువమందిని కాపాడతాయని నాకనిపిస్తుంది.

చట్టానికీ అమలుకీ మధ్య దూరాన్ని ప్రపంచ బ్యాంకు 2024లో లెక్కగట్టింది. సమాన పనికి సమాన జీతం అని చట్టం చేసిన దేశాలు 98. ఎవరికెంత జీతం ఇస్తున్నారో బయటపెట్టాలని కంపెనీలను అడిగే ఏర్పాటు, లేదా అలాంటి అమలు యంత్రాంగం, ఉన్నవి 35. పక్క సీటు అతని జీతం తెలియనప్పుడు, నాకు తక్కువ ఇస్తున్నారని ఆమె ఎలా రుజువు చేస్తుంది?

వచ్చిన హక్కు వెనక్కి పోదన్న ధీమా కూడా పనికిరాదు. మహిళలపై హింసను అరికట్టే ఐరోపా ఒప్పందానికి ఇస్తాంబుల్ పేరే పెట్టారు. 2011లో అక్కడే సంతకాలు జరిగాయి, మొదట ఆమోదించింది టర్కీయే. 2021 మార్చిలో అర్ధరాత్రి వెలువడిన అధ్యక్ష ఉత్తర్వుతో టర్కీ అందులోంచి బయటికొచ్చేసింది. గాంబియాలో ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారాన్ని 2015లో నిషేధించారు. ఆ నిషేధం ఎత్తేయాలనే బిల్లు 2024 మార్చిలో రెండో దశ దాటింది, 42 ఓట్లు అటు, 4 ఓట్లు ఇటు. ఆ ఆచారానికి గురైన ఆడవాళ్లు, డాక్టర్లు, మతపెద్దల్లో కొందరు నాలుగు నెలలు తిరిగి ఎంపీలకు నచ్చజెప్పారు. జులైలో అదే సభ బిల్లును తోసిపుచ్చింది. మార్చిలో ఒకటి, జులైలో ఒకటి, మనుషులు వాళ్లే. ప్రపంచంలో 23 కోట్ల మందికి పైగా ఆడవాళ్లు, ఆడపిల్లలు ఈ కోతకు గురయ్యారని యునిసెఫ్ చెప్పింది కూడా ఆ ఏడాదే.

యుద్ధం మాట కొంచెం చెప్పి అఫ్గానిస్తాన్‌కు వస్తాను. యుద్ధంలో అత్యాచారాలు మామూలే అన్నట్టు చరిత్ర రాసుకొచ్చారు. 1994 రువాండా మారణకాండ తర్వాత టాంజానియాలోని అరూషాలో అంతర్జాతీయ ట్రిబ్యునల్ పెట్టారు. మాజీ మేయర్ జాన్ పాల్ అకాయేసు మీద పెట్టిన మొదటి చార్జిషీటులో అత్యాచారం ఊసే లేదు. సాక్షిగా వచ్చిన ఒక తల్లి వేరే విషయం చెబుతూ తన ఆరేళ్ల కూతురి మీద జరిగింది చెప్పింది. బెంచి మీద ఉన్న ఒకే ఒక్క మహిళా జడ్జి నవనీతం పిళ్లై ఇంకా వివరంగా అడిగారు. ఇంకొందరు సాక్షులు మాట్లాడారు. 1997లో చార్జిషీటు మార్చారు. 1998 సెప్టెంబరు 2న, ఒక జాతిని తుడిచిపెట్టే ఉద్దేశంతో చేసిన అత్యాచారం కూడా జాతి నిర్మూలన నేరమే అని అంతర్జాతీయ కోర్టు మొదటిసారి చెప్పింది. అడిగే మనిషి ఆ కుర్చీలో లేకపోయి ఉంటే ఏమయ్యేదో.

ఇక కాబూల్. 2022 మార్చి 23న పై తరగతుల ఆడపిల్లలకు బడులు తెరుస్తున్నామని తాలిబాన్ పాలకులు అన్నారు. పిల్లలు యూనిఫారం వేసుకుని, పుస్తకాలు సర్దుకుని వెళ్లారు. క్లాసులో కూర్చున్నారు కూడా. కొన్ని గంటల్లోనే ఇంటికి పొమ్మన్నారు. ఆ డిసెంబరులో ఆడవాళ్లకు యూనివర్సిటీలు కూడా మూశారు. 2024 ఆగస్టులో వచ్చిన చట్టం ఆడవాళ్ల గొంతు బయట వినిపించకూడదంది. సీడా కమిటీ చేయగలిగింది నిలదీయడమే. నిలదీస్తే సిగ్గుపడే ప్రభుత్వం కాదు అక్కడున్నది.

కానీ 2003లో అఫ్గానిస్తాన్ ఆమోదించిన ఒప్పందాల్లో రెండు ఇక్కడ ముఖ్యం. ఒకటి సీడా. ఇంకొకటి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఒప్పందం. పాలకులు మారినంత మాత్రాన దేశం ఇచ్చిన మాట రద్దు కాదు. మేం ఆ కోర్టును గుర్తించం అని తాలిబాన్లు ప్రకటించినా, ఆ రెండో ఒప్పందం ఆధారంగానే 2025 జులై 8న తాలిబాన్ అధినేత హైబతుల్లా అఖుంద్‌జాదా మీద, వాళ్ల ప్రధాన న్యాయమూర్తి అబ్దుల్ హకీమ్ హక్కానీ మీద అరెస్టు వారంట్లు వెలువడ్డాయి. ఆడవాళ్లు అయినందుకే ఆడవాళ్లను, వాళ్ల వైపు నిలబడ్డ మగవాళ్లను కూడా పీడించారన్నది అభియోగం. వారంటు అమలు చేయాల్సింది దేశాలు. ఆ ఇద్దరూ దేశం దాటనంతకాలం అది జరగదు.

మొదటి ఒప్పందం దారి వేరు. సీడా ఇరవై తొమ్మిదో అధికరణం ప్రకారం ఒప్పందంలోని ఒక దేశం ఇంకో దేశాన్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగొచ్చు. చాలా దేశాలు, ఇండియాతో సహా, ఈ అధికరణం మాకొద్దని ముందే రాసిచ్చాయి. అఫ్గానిస్తాన్ ఏ షరతూ పెట్టలేదని మొదట్లోనే చెప్పాను కదా, దాని విలువ ఇక్కడ తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో జర్మనీ, ఆస్ట్రేలియా, కెనడా, నెదర్లాండ్స్ ఈ దారి పడుతున్నామని ప్రకటించాయి. ముందు చర్చలకు పిలవాలి. కుదరకపోతే మధ్యవర్తిత్వం అడగాలి. ఆరు నెలల్లో దాని ఏర్పాటు మీద ఒప్పందం కుదరకపోతే అప్పుడు హేగ్‌లోని ఆ న్యాయస్థానంలో కేసు వేయొచ్చు. తాలిబాన్లను గుర్తించకుండా తాలిబాన్లతో చర్చలు జరపడం ఎలా అన్నది ఆ నాలుగు దేశాల లాయర్లకు మొదటి తలనొప్పి.